నాచు ఏదో తేలాకే మందు సీసా మూత తీయండి

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, హోటళ్లలో మొక్కల ఆక్వేరియంలు చూసుకునే పనివాళ్లకి తరచుగా వచ్చే ఫోన్ ఒకటే: "ట్యాంకంతా పాచి పట్టింది, ఏదైనా మందేసి వెళ్లండి." మందేస్తే పని జరిగినట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ అది ఏ నాచో తెలియకుండా వేస్తే, నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. రాగి కలిసిన మందైతే రొయ్యలూ నత్తలూ కూడా పోతాయి. అందుకే ముందు కాసేపు నిలబడి చూడండి, వేలితో రుద్దండి, వాసన పట్టండి.

కొత్తగా పెట్టిన ట్యాంకులో గోధుమరంగు పొడిలా పట్టి, రుద్దగానే పోయేది డయాటమ్. ట్యాంకు కుదురుకునేకొద్దీ కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. ఈ మాట కస్టమరుకి ముందే చెప్పి ఉంచండి, చాలు. నీళ్లే పచ్చగా మారితే అది నీటిలో తేలే నాచు. నీళ్లు మార్చినంత మాత్రాన వదలదు. యూవీ దీపం పెట్టాలి, లేదా మూడు నాలుగు రోజులు ట్యాంకుని పూర్తిగా కప్పేసి చీకట్లో ఉంచాలి.

అద్దానికి గట్టిగా అతుక్కున్న పచ్చటి చుక్కలని బ్లేడుతో గీకక తప్పదు. (అక్రిలిక్ ట్యాంకుకి మాత్రం బ్లేడు తగలనివ్వకండి.) అవే చుక్కలు అనూబియస్ లాంటి నిదానంగా పెరిగే మొక్కల ఆకుల మీదా కనిపిస్తే, ఫాస్ఫేట్ తక్కువైందేమో చూడాలి. ఫాస్ఫేట్ నాచుకి మేత అని భయపడి చాలామంది ఎరువే ఆపేస్తారు. ఇక్కడ కొంచెం పెంచితేనే గుణం కనిపిస్తుంది.

అసలు సతాయించేది బీబీఏ, అంటే బ్లాక్ బియర్డ్ ఆల్గే. ఆకుల అంచుల మీద, కర్ర మీద, ఫిల్టర్ నీళ్లు వదిలే పైపు మూతి దగ్గర నల్లటి కుచ్చుల్లా పడుతుంది. చూడ్డానికి నలుపే గానీ ఇది ఎర్ర నాచు జాతి. పీకిన కుచ్చుని ఆల్కహాల్‌లో వేస్తే ఎర్రబడుతుంది. మీకు సందేహం ఉంటే తేల్చుకునే దారి ఇదే. మొక్కలకి సిలిండర్ నుంచి ఇచ్చే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అందే ట్యాంకుల్లో, అడుగున చెత్త పేరుకున్న ట్యాంకుల్లో ఇది బాగా పెరుగుతుంది. కాబట్టి సిలిండర్ ఖాళీ కావచ్చిందా, లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందే గ్యాస్ మొదలవుతోందా అని చూడండి. నీటిలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ నీలంగా ఉంటే గ్యాస్ చాలడం లేదు, ఆకుపచ్చగా ఉంటే సరిపోయింది, పసుపు రంగుకి తిరిగితే మించింది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే రంగు కోసం చూడకుండా గ్యాస్ వెంటనే ఆపేయండి.

ఆ తర్వాతే మందు. ఫిల్టర్ ఆపి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని సిరంజితో నేరుగా కుచ్చుల మీద మెల్లగా వదలండి. ట్యాంకు మొత్తానికి లెక్కేస్తే లీటరు నీటికి పావు మిల్లీలీటరుతో మొదలుపెట్టడం మంచిది, అర మిల్లీలీటరు దాటకండి. కొన్ని నిమిషాలాగి ఫిల్టర్ వేయండి. రొయ్యలున్న చోట, మాస్ మొక్కలున్న చోట ఇంకా తగ్గించాలి. చచ్చిన నాచు కొద్ది రోజుల్లో గులాబీ రంగుకో తెలుపుకో తిరుగుతుంది. అప్పుడు దాన్ని రొయ్యలూ, సయామీస్ ఆల్గే ఈటర్ చేపలూ తినేస్తాయి. ఈ చేప కొనేటప్పుడు ఒంటి మీది నల్ల చార తోక చివరిదాకా ఉందో లేదో చూసి తీసుకోండి. ఆ పేరుతో అమ్మే చైనీస్ ఆల్గే ఈటర్ పెద్దదయ్యాక నాచు వదిలేసి తోటి చేపల వెంట పడుతుంది.

నీలి ఆకుపచ్చ పొర చాపలా లేచొస్తూ, కుళ్లు వాసన వేస్తే అది నాచే కాదు, బాక్టీరియా. నీటి కదలిక లేని మూలల్లో, నైట్రేట్ దాదాపు సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో పడుతుంది. పైపుతో లాగేసి, నీటి ప్రవాహం ఆ మూలకి తిప్పి, మూడు రోజులు చీకట్లో ఉంచండి. ఎరిత్రోమైసిన్ పనిచేస్తుంది గానీ, ఆ నీళ్లు చివరికి కాలువలోకే పోతాయి. యాంటీబయోటిక్‌ని అలా పారబోయడం నాకు సమ్మతం కాదు.

ఏ నాచైనా మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: లైటు ఎన్ని గంటలు వెలుగుతోంది? మేనేజరుకి తెలియకపోవచ్చు. రోజూ మేత వేసే వాచ్‌మన్ అన్నకి తెలుస్తుంది. పొద్దున ఊడ్చేటప్పుడు వేసిన లైటు రాత్రి తాళం వేసేదాకా వెలగడం మామూలే. మొక్కలకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. కొన్ని వందల రూపాయల టైమర్ పెట్టించి, మేత ఎంత వేయాలో ఆ అన్నకే మర్యాదగా చూపించండి.

రోజుకి నాలుగైదు ట్యాంకులు తిరిగేవాళ్లు కత్తెర, వల, పైపు కడిగి ఆరబెట్టుకోవాలి. దారంలా పెరిగే నాచు చిన్న ముక్క అంటుకుని వచ్చినా కొత్త చోట పాతుకుంటుంది.

ఒక్క విజిట్‌కి ధర మాట్లాడుకోకండి. నెల రోజుల పనికి మాట్లాడుకుని, వారం వారం సగం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలిపాకే పోయండి. నాచు పట్టిన పాత ఆకు మళ్లీ బాగుపడదు, కొన్ని కొన్నిగా కత్తిరించేయండి. వెళ్లిన ప్రతిసారీ ఒకేచోట నిలబడి ఫోటో తీసుకుని, కొత్తగా వచ్చిన ఆకులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి కస్టమరుకీ చూపించండి.