నీటి దారిన నగరాలు

నదీతీర నగరాన్ని నేలమీది నుంచి చూడటం వేరు, నీటిమీది నుంచి చూడటం వేరు. రేవు, గిడ్డంగి, కోట, గోపురం నీటికి అభిముఖంగా నిలిచి వచ్చేవారిని పలకరిస్తాయి. రష్యాలో ఓడపై సాగే యాత్రికునికీ, ఒకనాడు కాలువ పడవలో బందరు చేరిన బాటసారికీ ఈ అనుభవం సమానమే.

మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళే ఓడలు 1937లో ప్రారంభమైన మాస్కో కాలువ గుండా వోల్గా నదిలో ప్రవేశిస్తాయి. దారిలో ఒనేగా సరస్సులోని కిజీ దీవిలో, 1714 నాటి కలప చర్చి ఇరవైరెండు గుమ్మటాలతో దర్శనమిస్తుంది. చివరకు నేవా నది ఒడ్డున బారులు తీరిన రాతి భవనాలు, వంతెనలు, జనసమ్మర్దంతో నిండిన వీధులు యాత్రికులను ఆకట్టుకొంటాయి. ఈ నగరాన్ని 1703లో పీటర్ చక్రవర్తి చిత్తడి నేలపై నిర్మింపజేశాడు. అంతకుముందు 1697లో ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల కర్మాగారంలో స్వయంగా ఉలి పట్టి నౌకానిర్మాణం నేర్చుకొన్నాడు.

ఆ కంపెనీకే మచిలీపట్నంలో వర్తకస్థానం ఉండేది. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవైన ఈ పట్నానికి 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుంచే దూరదేశాలకు తరలిపోయేవి. పట్నంలోని ఇళ్ళు కలపతో కట్టినవని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ ఇళ్ళు నేడు లేవు. బందరుకోట శిథిలాలు, డచ్చివారి సమాధులపై చెక్కిన రాతలు మాత్రం నాటి వైభవానికి సాక్ష్యాలు. ఈ డెల్టా చరిత్ర ఇంకా పురాతనమైనది. గుడివాడలోను, ఘంటసాలలోను బౌద్ధస్తూపాల అవశేషాలు బయటపడ్డాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు పొలాలకు నీటిని, పడవలకు దారిని ఇచ్చాయి.

నీరు ఇచ్చినట్లే తీసుకొంటుంది కూడా. 1824 నవంబరు 19న పెనుగాలులు సముద్రజలాన్ని నేవాలోకి ఎగదోయగా, నీరు నాలుగు మీటర్లకు పైగా పెరిగి పీటర్స్‌బర్గ్‌ను ముంచివేసింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977లో అదే నవంబరు 19న దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి, వేలాదిమంది మరణించారు.

రాజధానిగా వెలిగిన పీటర్స్‌బర్గ్ మళ్ళీ లేచి నిలిచింది. 2011లో సుమారు 25 కిలోమీటర్ల రక్షణకట్టను పూర్తిచేసుకొన్నది. బందరు వర్తకమో, మద్రాసు ప్రాబల్యంతో అంతకుముందే సన్నగిల్లి, ఉప్పెనతో మరింత కుంగిపోయింది. 1977 తరువాత దివిసీమలో తుపాను రక్షణ భవనాలు వెలిశాయి. తీరాన మడ అడవులు అలల వేగాన్ని తగ్గిస్తున్నాయి. 2023లో బందరులో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవు తిరిగి రావడం శుభమే. అయితే దానితోపాటు మడ అడవులను, పాత రాళ్ళను కాపాడుకొన్నప్పుడే ఆ అభివృద్ధి నిలుస్తుంది. సముద్రం పక్కన నివసించే వారికి జాగ్రత్తయే నిజమైన కోటగోడ.

ప్రశ్నలు
1. పీటర్స్‌బర్గ్‌కు, మచిలీపట్నానికి గల పోలికలను, భేదాలను వివరించండి.
2. ‘నీరు ఇచ్చినట్లే తీసుకొంటుంది’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.