రజస్సూతకము - శుచిత్వము

లింగధారులకు పంచసూతకములు లేవని మన పెద్దలు బోధించిరి. జాతి, జనన, మరణ, ఉచ్ఛిష్ట, రజస్సూతకములే ఆ ఐదు. మొదటి నాలుగింటిని గూర్చి ధారాళముగా మాటలాడువారును ఐదవదానిని పలుకుటకు సంకోచింతురు.

ఇష్టలింగమును దేహమునుండి ఎన్నడును వేరుచేయరాదు గదా! బహిష్టు దినములలోను స్త్రీ దానిని ధరించియే యుండును. స్నానము చేసి లింగార్చన చేయును. ఆ దేహమునకు మైల కలదన్నచో, లింగమునకును మైల కలదనవలసి వచ్చును. అది పొసగదు. కావున స్త్రీకి మైల లేదు.

అయితే సూతకము లేదనుట శుభ్రత అక్కరలేదనుట కాదు. మైల కేవలము భావన, శుభ్రత ఆరోగ్యధర్మము. మొదటిదానిని విడిచి రెండవదానిని పట్టవలెను. లోకములో తరచుగా దీనికి విపరీతముగా జరుగుచున్నది. స్త్రీని వసారాలో కూర్చుండబెట్టి, ఆమె గుడ్డను చీకటి మూలలో ఆరవేయింతురు. తడి ఆరని గుడ్డలో క్రిములు పెరుగును.

విశాఖపట్నము ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల మహానగరము. అచ్చట మందుల దుకాణములో న్యాప్‌కిన్లు దొరకును. పూర్వము అదే జిల్లాలోనుండి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు కొండలలో, దూరపు గూడెముల స్త్రీలకు గెడ్డనీటిని మోసికొని వచ్చుటయే ప్రయాస. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15-24 ఏండ్ల స్త్రీలలో శుభ్రమైన సాధనములు వాడువారు దేశములో పట్టణములందు నూటికి సుమారు 89 మంది, పల్లెలందు 72 మంది. 2021 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ‘స్వేచ్ఛ’ పేర, ప్రభుత్వ పాఠశాలలలో 7 నుండి 12వ తరగతి వరకు చదువు బాలికలకు నెలకు 10 న్యాప్‌కిన్లు ఉచితముగా నిచ్చు కార్యక్రమము నారంభించెను. బడి మానిన పిల్లకు, ఆమె తల్లికి మాత్రము ఇంటివారే దిక్కు.

ఆచరణీయములు:

1. గుడ్డ వాడువారు మెత్తని నూలుగుడ్డను వాడి, సబ్బుతో ఉతికి, ఎండలో బాగుగా ఆరవేయవలెను.

2. గుడ్డనైనను న్యాప్‌కిన్‌నైనను 4 నుండి 6 గంటలకొకసారి మార్చి, చేతులు కడుగుకొనవలెను.

3. రక్తస్రావము 7 దినములు మించినను, దుర్వాసన, దురద, జ్వరము కలిగినను, ఆశా కార్యకర్తకు తెలిపి వైద్యుని చూడవలెను.

4. ఆకుకూరలు, పప్పు, బెల్లము తినవలెను. రక్తహీనత యున్నచో వైద్యులిచ్చు ఇనుము మాత్రలు మానరాదు.

రజస్వలయైన బాలిక తన యింట మొట్టమొదట వినుమాట “ముట్టుకోవద్దు” అని కారాదు. “భయపడకు తల్లీ” అని కావలెను. ఎండలో ఆరవేసిన గుడ్డను చూచి ఇంటి పురుషులు ముఖము చిట్లింపరాదు. మఠములు ప్రసంగములలో ఈ విషయమును సంకోచము లేక చెప్పవలెను.

మననమునకు: మన యింట ఐదవ సూతకము నిజముగా తొలగినదా?