అక్వేరియం చేపలలో కలహ ప్రవర్తన - కారణాలు, యాజమాన్యం

అలంకార చేపల పెంపకంలో నీటి నాణ్యతపై, రోగాలపై చూపే శ్రద్ధ చేపల ప్రవర్తనపై చూపడం అరుదు. ఒక చేప తొట్టి మూలకు చేరి, మేత ముట్టక, చీలిన వాజాలతో కనిపించినప్పుడు పెంపకందారులు ముందుగా మందు వేస్తారు. అయితే పలు సందర్భాలలో ఆ చేపకు తొలి బాధ రోగక్రిమి వల్ల గాక, తోటి చేప తరమడం వల్ల కలుగుతుంది. ఈ భేదాన్ని గుర్తించనంత వరకు చికిత్స ఫలించదు.

కలహానికి మూలం

చేపల కలహం దుష్ట స్వభావానికి చిహ్నం కాదు. చోటు, మేత, జత, సంతానం అనే నాలుగింటిని కాపాడుకునే ప్రయత్నమే అది. 1973లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన నికో టింబర్గెన్ స్టికిల్‌బ్యాక్ చేపలను పరిశీలించాడు. గూడు కాచే మగచేపలు, చేప ఆకారం సరిగా లేకున్నా అడుగుభాగం ఎర్రగా ఉన్న నమూనాలపై దాడికి దిగడం ఆయన గమనించాడు. మగ ఫైటర్ చేప అద్దంలోని తన ప్రతిబింబాన్ని చూసి మొప్పల మూతలు విప్పి బెదిరించడం కూడా ఇటువంటిదే. చేప ప్రత్యర్థిని కొన్ని సంకేతాల ద్వారా గుర్తిస్తుంది.

పోరు సాధారణంగా బెదిరింపుతో మొదలవుతుంది. రంగు ముదురుతుంది, వాజాలు విచ్చుకుంటాయి, చేపలు పక్కపక్కన నిలిచి తోకతో నీటిని కొడతాయి. ప్రకృతిలో ఓడిన చేప హద్దు దాటి పారిపోవడంతో పోరు ముగుస్తుంది. గాజు తొట్టిలో పారిపోయే చోటు లేదు. లొంగిన చేప సైతం గెలిచిన చేప కళ్లెదుటే ఉంటుంది కనుక తరమడం ఆగదు.

ఓడిన చేప స్థితి

నిరంతర ఒత్తిడి వల్ల చేప రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. మేత తీసుకోవడం తగ్గి, ఎదుగుదల మందగించి, రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. గాయపడిన వాజాలపై బాక్టీరియా, బూజు చేరుతాయి. కావున తొట్టి ప్రశాంతంగా కనిపించినా, మేత వేసే వేళ వెనుకబడిన చేపను ప్రత్యేకంగా పరిశీలించాలి.

యాజమాన్య పద్ధతులు

* మగ ఫైటర్ చేపలను ఒక్కొక్కటిగా వేర్వేరు తొట్లలో పెంచాలి.
* టైగర్ బార్బ్ చేపలను కనీసం 6 నుండి 8 వరకు గుంపుగా ఉంచాలి. పొడవైన వాజాలు గల ఏంజెల్, గౌరామి, ఫైటర్ చేపలతో కలపరాదు.
* ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన రాతి సిక్లిడ్ చేపలకు రాళ్లు, గుహలు అమర్చి, ఒక మగకు పలు ఆడచేపలు ఉండేలా చూడాలి. సంఖ్య కొంత ఎక్కువైతే దాడి ఒకే చేపపై పడక చెదురుతుంది. అయితే తగిన వడపోత, నీటి మార్పిడి తప్పనిసరి.
* కొత్త చేపలను విడిచే ముందు రాళ్లు, మొక్కల స్థానాలు మార్చితే పాత హద్దులు చెరిగిపోతాయి.
* మేతను ఒకేచోట గాక రెండు మూడు చోట్ల వేయాలి.
* ఏంజెల్ చేపల జంట గుడ్లు పెట్టినప్పుడు ఇతర చేపలను వేరు చేయాలి.
* గాయపడిన చేపను మొదట వేరు చేసి, శుభ్రమైన నీటిలో ఉంచి, ఆ పిదపనే అవసరమైన చికిత్స చేయాలి.

కోలుకున్న చేపను, తొట్టి అమరికలో మార్పు చేయకుండా తిరిగి అదే తొట్టిలో విడిస్తే కలహం పునరావృతమవుతుంది. గాయానికి కారణం చేపలో కన్నా తొట్టిలోనే ఎక్కువగా ఉంటుంది కనుక నివారణ కూడా అక్కడి నుండే ప్రారంభం కావాలి.