బుడగలో ప్రయాణం

పిల్లలూ! చారు మీద తేలే నూనె చుక్కలను ఎప్పుడైనా గమనించారా? రెండు చుక్కలను గరిటెతో దగ్గరకు నెడితే కలిసిపోయి ఒకే చుక్క అవుతాయి. మన శరీరంలోని కణాలు ఇంచుమించు ఇలాంటి ఉపాయంతోనే సరుకు రవాణా చేస్తాయి.

కణం చుట్టూ కొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. ప్రోటీన్లు పెద్ద అణువులు కనుక ఆ పొరలోంచి దూరి పోలేవు. పొర చిరిగితే కణానికే ముప్పు. మరి క్లోమ కణంలో తయారైన ఎంజైములు బయటకు ఎలా వస్తున్నాయి?

ఎంజైము మొదట అంతర్జీవ ద్రవ్యజాలం లోపలికి చేరుతుంది. అక్కడి పొర మొగ్గలా ఉబ్బి, తెగి, సరుకుతో సహా చిన్న బుడగగా విడిపోతుంది. దీనినే వెసికిల్ అంటారు. అది గాల్జీ సంక్లిష్టంతో కలుస్తుంది. అక్కడ సరుకుకు మార్పులు జరిగి, మరొక బుడగలో కణం అంచుకు చేరుతుంది. బుడగ పొర, కణం పొర ఒకటైపోతాయి. సరుకు బయట పడుతుంది. పొర మాత్రం చిరగదు!

ఈ దారిని జార్జ్ పలాడే బృందం 1960లలో కనిపెట్టింది. గినీపంది క్లోమానికి రేడియోధార్మిక అమైనో ఆమ్లం అందించి, అది ఏ సమయానికి ఎక్కడ ఉందో చూశారు. కొన్ని నిమిషాల్లో ద్రవ్యజాలంలో, తర్వాత గాల్జీలో, సుమారు రెండు గంటలకు ఎంజైము రేణువుల్లో కనిపించింది. పలాడేకు 1974లో నోబెల్ బహుమతి లభించింది.

బుడగ మీద, చేరవలసిన పొర మీద స్నేర్ అనే ప్రోటీన్లు ఉంటాయి. తాడు పేనినట్లు అవి ఒకదానికొకటి చుట్టుకొని రెండు పొరలను దగ్గరకు లాగుతాయి. ఈ రవాణా రహస్యాలు విప్పిన రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు 2013లో నోబెల్ వచ్చింది.

ఈ తాడు తెగితే? గాయంలో పెరిగే ధనుర్వాత సూక్ష్మజీవి విషం చేసే పని అదే. ఈ సంగతి 1992లో తెలిసింది. కండరాలను నడిపే నాడులకు 'ఇక ఆగు' అని చెప్పే నాడీకణాలు వెన్నుపాములో ఉన్నాయి. విషం వాటిలో చేరి స్నేర్ ప్రోటీనును కత్తిరిస్తుంది. బుడగలు పొరతో కలవలేవు. 'ఆగు' అన్న కబురు అందదు. దవడ బిగుస్తుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుస్సు అంటే విల్లే కదా!

టీకా వల్ల తయారైన ప్రతిరక్షకాలు విషాన్ని నాడిలో దూరకముందే పట్టుకుంటాయి. దూరిన తర్వాత పట్టుకోలేవు. అందుకే కాలికి మేకు గుచ్చుకుంటే, తిడతారని ఇంట్లో దాచకండి. వెంటనే చెప్పండి.