భవన చిత్రంలో పొరలు

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణానికి 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగింది. అటువంటి కట్టడంలో గోడలు, స్తంభాలతో పాటు విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు, చల్లని గాలిని మోసే నాళాలు ఒకే పైకప్పు కింద ఒకదానినొకటి దాటుకుంటూ సాగుతాయి. వీటినన్నింటినీ ఒకే కాగితంపై గీస్తే చిక్కుపడిన నూలుకండె వలె ఉంటుంది. ఏ మేస్త్రికీ అది అర్థం కాదు.

కంప్యూటర్లు రాకముందు వాస్తుశిల్పులు పలుచని ట్రేసింగ్ కాగితాలపై ఒక్కొక్క అంశాన్ని విడివిడిగా గీసి, వాటిని ఒకదానిపై ఒకటి పరచి చూసేవారు. 1982లో వెలువడిన ఆటోకాడ్ వంటి డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితాల స్థానాన్ని పొరలు, అనగా లేయర్లు, ఆక్రమించాయి. గోడలకొక పొర, తలుపులకొక పొర, కొలతలకొక పొర. అవసరం లేనిదానిని క్షణంలో దాచవచ్చును.

2000లో వెలువడిన రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి వేరు. అందులో భవనాన్ని గీతలుగా గాక మూడు కొలతల నమూనాగా నిర్మిస్తారు. గోడ తాను గోడనని, తలుపు తాను తలుపునని ఎరిగి ఉంటాయి. కనుక అక్కడ పొరలతో పని లేదు. అయితే ఆ నమూనాను డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎగుమతి చేసినప్పుడు ప్రతి వస్తువూ ఏదో ఒక పొరలో చేరక తప్పదు. భోగాపురానికి చేరువనున్న భీమునిపట్నం ఒకనాడు డచ్చివారి రేవు. మూటపై గుర్తు లేకుండా ఓడకెక్కిన సరుకు అవతలి ఒడ్డున ఎవరిదో తెలియదు. పొర పేరు లేని గీత స్థితి కూడా అంతే.

ఏ వర్గపు వస్తువు ఏ పొరకు పోవాలో తెలిపే పట్టికను ఎగుమతికి ముందే సిద్ధం చేసుకోవాలి. దీనికి ప్రమాణాలు లేకపోలేదు. అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 1990లో మార్గదర్శకాలను ప్రచురించగా, 1998లో ఐఎస్ఓ 13567 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అమెరికా పద్ధతిలో గోడల పొర పేరు ‘ఏ-వాల్’, తలుపుల పొర పేరు ‘ఏ-డోర్’.

చిక్కు మన ఇళ్ల దగ్గర వస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెలోని ఇంటి అరుగుకు విదేశీ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేక వర్గమేదీ లేదు. నమూనా చేసేవారు దానిని ‘సాధారణ వస్తువు’గా నమోదు చేస్తే, ఎగుమతిలో అది తులసికోట, నీళ్ల తొట్టి మొదలైన వాటితో కలిసి ఒకే పొరలో పడుతుంది. తులసికోటను దాచబోతే అరుగు కూడా మాయమవుతుంది. ఒక స్తంభమే అలా మాయమైతే? దానిని చూడని వ్యక్తి అక్కడ ద్వారబంధం గీస్తాడు. తప్పు బయటపడే సరికి కాంక్రీటు గట్టిపడి ఉండవచ్చును.

రంగుల విషయం చిన్నదిగా కనిపించినా నష్టం చిన్నది కాదు. పలు కార్యాలయాలలో ముద్రించే గీత మందం రంగు సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. రంగు మారిన గోడ కాగితంపై కొలత గీతలా సన్నబడుతుంది. ‘డెఫ్‌పాయింట్స్’ అనే పొర మరీ మోసకారి. అందులోని గీతలు తెరపై కనిపిస్తాయి గాని కాగితంపై పడవు.

నిర్మాణ అనుమతుల ఆన్‌లైన్ విధానంలో ఈ క్రమశిక్షణ మరింత అవసరమైనది. స్థలపు హద్దు, రోడ్డు, కట్టే భాగం నిర్దేశించిన పొరలలో ఉన్నప్పుడే సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తించి చుట్టూ విడువవలసిన ఖాళీలను కొలుస్తుంది. హద్దు గీత వేరొక పొరలో ఉంటే, ఇల్లు నిబంధనల ప్రకారమే ఉన్నా దరఖాస్తు వెనుకకు రావచ్చును.

అందుచేత అనుభవజ్ఞులైన డ్రాఫ్ట్స్‌మెన్ ఎగుమతి చేసిన ఫైలును వెంటనే పంపరు. దానిని తెరచి, అన్ని పొరలను ఆపివేసి, ఒక్కొక్కదానినే వెలిగించి చూస్తారు. గోడల పొరలో గోడలే ఉన్నాయా, మిగిలినవన్నీ వెలిగిన తరువాత అరుగు ఎక్కడ తేలింది అని పరిశీలించి, ఒక ప్రతిని కాగితంపై ముద్రించి తెరతో సరిపోల్చిన పిమ్మటనే దానిని నిర్మాణ స్థలానికి పంపుతారు.