జలాంతర్గామి యుద్ధము – విశాఖ సముద్రంలో ఘాజీ

— ఒక బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

మన వరంగల్లుకు సముద్రం లేదు. భద్రకాళి చెరువు, పాకాల, రామప్ప, లక్నవరం – ఇవే మనకు సముద్రాలు. అట్లాంటి ఊళ్ళో ఉండి జలాంతర్గాముల ముచ్చట ఎందుకురా అని ఈ వ్యాసం పేరు వినగానే మా గది మిత్రులు నవ్వారు. కానీ సోదర విద్యార్థులారా, 'సబ్‌మెర్సిబుల్' అన్న మాట మన జిల్లాలో అక్షరం ముక్క రాని రైతుకు కూడా తెలుసు. బోరులో వందల అడుగుల లోతున, నీళ్ళలో మునిగే ఉండి తిరిగే మోటరు అది. నీటిలో మునిగి పనిచేసే యంత్రానికి, అది బోరులో ఉన్నా బంగాళాఖాతంలో ఉన్నా, కొన్ని చిక్కులు ఒకటే. నీరు లోపలికి రాకూడదు. బయటి ఒత్తిడికి నలగకూడదు. కరెంటు తీగలు తడవకూడదు. తేడా ఏందంటే, బోరు మోటరు కాలితే ఒక మడి ఎండుతుంది. జలాంతర్గామిలో ఏదైనా తప్పితే లోపలున్న మనుషులంతా పోతారు, చూసినవాడు ఒక్కడూ మిగలడు. ఈ రెండో సంగతి మూలంగానే 1971లో మన విశాఖపట్నం ఒడ్డున మునిగిన 'ఘాజీ' ఎట్లా మునిగిందో నేటికీ వాదం తెగలేదు. నా వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ముందు కొంచెం భౌతికశాస్త్రం. ఆర్కిమెడిస్ సూత్రం మనం తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం. ఖాళీ బిందె నీళ్ళ మీద తేలుతుంది, నిండితే మునుగుతుంది. జలాంతర్గామికి పక్కల పెద్ద పెద్ద తొట్లుంటాయి. వాటిలోకి సముద్రపు నీటిని వదిలితే నావ బరువెక్కి మునుగుతుంది. సీసాల్లో బిగించి ఉంచిన గాలిని ఆ తొట్లలోకి వదిలి నీటిని గెంటేస్తే తేలుతుంది. సూత్రం ఇంతే. కష్టమంతా ఒత్తిడితో వస్తుంది. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అంటే నూరు మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు పది కిలోల అదనపు బరువు. చదరపు మీటరుకైతే నూరు టన్నులు. మన బండ్లలో వడ్లు ఎత్తినట్టు లెక్క వేసుకోండి, ఎన్ని బండ్లవుతాయో!

యుద్ధంలో ఈ నావను వాడాలన్న ఆలోచన పాతదే. 1776లో అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో డేవిడ్ బుష్నెల్ చేసిన 'టర్టిల్' అనే చెక్క గుడ్డులాంటి నావలో ఒక్క మనిషి కూర్చుని, చేత్తో మర తిప్పుకుంటూ, న్యూయార్కు రేవులో ఆంగ్లేయుల 'ఈగిల్' నౌక కిందికి పోయాడు. మందుగుండు తగిలించలేక తిరిగి వచ్చాడు. 1864లో చార్లెస్టన్ దగ్గర 'హన్లీ' అనే చేతి మర నావ మొదటిసారిగా ఒక యుద్ధనౌకను ముంచింది. ముంచి తానూ మునిగింది, ఎనిమిది మందీ పోయారు. అంతకు ముందు పరీక్షల్లోనే అది రెండుసార్లు మునిగి పదముగ్గురిని మింగింది. అయినా మూడోసారి ఎక్కడానికి మనుషులు దొరికారంటే ఆశ్చర్యమే. 1866లో వైట్‌హెడ్ టార్పెడో వచ్చింది. దానితో దూరం నుంచి కొట్టే వీలు కలిగింది. ఇక 1914 సెప్టెంబరు 22న జర్మనీ వారి యు-9 అనే చిన్న నావ గంటన్నర లోపల బ్రిటను క్రూయిజర్లు మూడింటిని ముంచేసింది. 1,400 మందికి పైగా నావికులు చనిపోయారు. అప్పటిదాకా జలాంతర్గామిని ఆటబొమ్మ అనుకున్న సేనాధిపతులకు ఆ ఉదయం కళ్ళు తెరుచుకున్నాయి.

రెండో ప్రపంచయుద్ధం కథ మీకు తెలిసిందే. అట్లాంటిక్‌లో జర్మను యు-బోట్లు తోడేళ్ళ మందల్లాగా సరుకు నౌకల మీద పడ్డాయి. రాడారు, సోనారు, విమానాలు, రహస్య లిపిని విప్పిన గణితజ్ఞులు కలిసి 1943 నాటికి వాటిని వెనక్కు తరిమారు. యు-బోట్లలో పనిచేసిన సుమారు 40 వేల మందిలో దాదాపు మూడొంతులు, అంటే నలుగురిలో ముగ్గురు, తిరిగి ఇల్లు చేరలేదు. ఏ సైన్యంలోనూ ఏ విభాగానికీ ఇంత నష్టం అరుదు.

ఆ యుద్ధం మన ఆంధ్ర తీరం దాకా వచ్చిందని చాలామందికి తెలియదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ సంగతి పెద్దలు చెబుతారు. తెలియనిది ఏమిటంటే, 1944 ఫిబ్రవరి 11న ఆర్‌ఓ-110 అనే జపాను జలాంతర్గామి విశాఖ దగ్గర ఒక నౌకల బారును వెంబడించి 'అస్ఫాలియన్' అనే వర్తక నౌకను టార్పెడోతో దెబ్బతీసింది. అప్పటి రాయల్ ఇండియన్ నేవీకి చెందిన 'జమున', ఆస్ట్రేలియా వారి 'లాన్సెస్టన్', 'ఇప్స్‌విచ్' కలిసి నీటి కింద పేలే బాంబులతో దాన్ని ముంచాయి. జపాను వాళ్ళ శవపేటిక ఒకటి ఇరవై ఏడేళ్ళుగా అక్కడే ఉండగా, దాని చెంతకు ఘాజీ వచ్చి చేరింది.

ఘాజీ పుట్టుక అమెరికాలో. 1944లో నీటిలోకి దించిన 'డయాబ్లో' అనే నావ అది. 1964లో పాకిస్తాను దాన్ని అద్దెకు తీసుకుని ఘాజీ అని పేరు పెట్టుకుంది. 1971 నాటికి పాకిస్తాను దగ్గర ఫ్రాన్సులో కట్టిన కొత్త డాఫ్నే తరగతి నావలున్నా, కరాచీ నుంచి బయలుదేరి భారతదేశాన్నంతా చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల సత్తా ఈ ముసలి నావకే ఉండింది. తూర్పు పాకిస్తానును దిగ్బంధం చేయబోతున్న మన విమానవాహక నౌక 'విక్రాంత్'ను ముంచడం, విశాఖ రేవు ముందర మందుపాతరలు పరచడం – ఈ రెండు పనులతో 1971 నవంబరు 14న కమాండర్ జాఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వాన అది కరాచీ వదిలింది.

అప్పుడు విశాఖలో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను గుట్టుగా అండమాను వైపు పంపించి, 'రాజ్‌పుట్' అనే పాత డిస్ట్రాయరును విక్రాంత్ వేషం కట్టించాడు. వేషమంటే రంగు వేసి కాదు. వైర్‌లెస్‌లో విక్రాంత్ మాట్లాడినట్టు రాజ్‌పుట్ మాట్లాడింది. పెద్ద నౌకకు సరిపడా కూరగాయలు, మాంసం కావాలని గుత్తేదార్లకు ఆర్డర్లు పోయాయని, విక్రాంత్‌లో ఉన్న నావికుడు తల్లి జబ్బు గురించి అడిగినట్టుగా ఒక దొంగ తంతి కూడా నడిపారని చెబుతారు. నాకు ఈ కథలో అన్నింటికన్నా నచ్చిందిదే. కూరగాయల జాబితా కూడా ఆయుధమైంది!

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాను విమానాలు మన పశ్చిమ విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడిపిస్తున్న రాజ్‌పుట్ విశాఖ రేవు దాటింది. దారిలో నీళ్ళు అసహజంగా కదలడం చూసి కింద జలాంతర్గామి ఉందని అనుమానించి డెప్త్ చార్జీలు విడిచింది. (ఇవి పీపాల్లాంటి బాంబులు. నిర్ణయించిన లోతుకు దిగగానే నీటి ఒత్తిడికే వాటి మీట కదిలి పేలుతాయి. నీరు గాలిలాగా నొక్కుకుపోదు కనుక పేలుడు దెబ్బ సుత్తి దెబ్బలా నావ గోడకు తగులుతుంది.) అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి పెద్ద పేలుడు. పట్నంలో జనానికి కూడా ఆ చప్పుడు వినిపించింది. తెల్లవారి బెస్తవాళ్ళకు నీళ్ళ మీద తేలుతున్న సామాను దొరికింది. ఆ తర్వాత గజ ఈతగాళ్ళు దిగి చూసి అది ఘాజీయే అని తేల్చారు. 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఇంతకీ చంపింది ఎవరు? మన నౌకాదళం వారి మాట: రాజ్‌పుట్ బాంబులే. పాకిస్తాను వారి మాట: తాను పరిచిన మందుపాతర మీదికి తానే పోయింది, లేదా లోపలే పేలింది. మూడో మాట ఒకటుంది. మన రసాయనశాస్త్రం విద్యార్థులు చెవి పెట్టవలసింది దానికి.

డీజిలు జలాంతర్గామి నీటి కింద డీజిలు ఇంజను నడపలేదు, ఇంజనుకు గాలి కావాలి కదా. కింద ఉన్నంతసేపూ బ్యాటరీల మీదనే నడవాలి. ఘాజీ తరగతి నావల్లో రెండు గదుల నిండా 252 సీసపు సెల్లులు, ఒక్కొక్కటి ముప్పాతిక టన్ను బరువు. మన ట్రాక్టరు బ్యాటరీ వంటివే, కాకపోతే రాక్షస జాతి. మా ఇంట్లో ట్రాక్టరు బ్యాటరీకి ఛార్జింగు పెట్టిన రోజు మా బాపు "బిరడాలు విప్పి పెట్టుండ్రి, దగ్గర బీడీ ముట్టియ్యకుండ్రి" అంటడు. ఎందుకో ఆయనకు సమీకరణం తెల్వదు, కానీ సంగతి తెలుసు. ఛార్జింగు ఎక్కువైతే ఆమ్లంలోని నీరు విద్యుద్విశ్లేషణ చెంది హైడ్రోజను, ఆక్సిజను వెలువడతాయి. గాలిలో హైడ్రోజను నూటికి నాలుగు పాళ్ళు దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. పొలంలో అయితే గాలికి కొట్టుకుపోతుంది. మూసిన ఇనుప గొట్టంలో ఎక్కడికి పోతుంది? రాత్రి శత్రువు రేవు ముందర, పైకి తేలి గాలి మార్చుకోవడానికి భయపడుతూ, లోపల వాయువు పేరుకుపోయి, దగ్గరలోనే మందుపాతరలు, టార్పెడోలు ఉండగా – అట్లా జరిగి ఉండవచ్చునని కొందరంటారు. నావ ముందు భాగం చీలిపోయిందని ఈతగాళ్ళు చెప్పిన దానికి మందుపాతర వాదమూ అతుకుతుంది, ఈ వాదమూ అతుకుతుంది.

ఘాజీకి సంబంధించిన కొన్ని పాత కాగితాలు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాలో మన జలాంతర్గామి ఒకటి నీటి కింద ఎదురెదురుగా పోరాడి దాన్ని ముంచినట్టు చూపించారు. సినిమా నేనూ ఈలలు వేస్తూనే చూశాను. అయితే పైన చెప్పిన మూడు వాదాల్లో ఏ ఒక్కదానిలోనూ భారత జలాంతర్గామి లేదు. మన హాస్టల్లో సగం మంది సినిమాలోదే చరిత్ర అనుకుంటున్నారు. ల్యాబులో రీడింగు రాకుండానే జవాబు రాసుకునే పద్ధతి ఇది. నా మట్టుకు నేను ఒప్పుకొనేది ఇంతే: కృష్ణన్ పన్నిన వల వల్లనే ఘాజీ విక్రాంత్ లేని చోట కాపు కాసింది, చివరి దెబ్బ ఎవరిదో రుజువు కాలేదు. వల పన్నిన తెలివికి ఆ చివరి దెబ్బ లేకపోతే విలువ తగ్గుతుందా? తగ్గదు.

అయిదు రోజులకే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర పాకిస్తాను జలాంతర్గామి 'హంగోర్' మన 'ఖుక్రీ'ని ముంచింది. 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదలక దానితోనే మునిగాడు. ఘాజీ చెప్పేవాళ్ళు ఖుక్రీ కూడా చెప్పాలె.

2024 ఫిబ్రవరిలో మన నౌకాదళం తన కొత్త సహాయక యంత్రంతో ఘాజీ శకలాన్ని, ఆర్‌ఓ-110 శకలాన్ని కూడా విశాఖ ఒడ్డుకు దగ్గరలోనే గుర్తించిందని ప్రకటన వచ్చింది. చనిపోయినవారి పట్ల గౌరవంతో వాటిని ముట్టుకోలేదన్నారు. రామకృష్ణా బీచిలో 2002 నుంచి ప్రదర్శనకు పెట్టిన మన 'కురుసుర'లోకి మేము పోయినప్పుడు ఆ మాట అర్థమైంది. 91 మీటర్ల పొడవు, 75 మంది, ఇరవై రెండు టార్పెడోలు. మంచం మీద పడుకుంటే పైమంచం ముక్కుకు తగిలేటట్టుంది. కోళ్ళ గంపలో కూడా ఇంతకన్నా జాగా ఉంటుంది.

ఇక చివరగా, ఈ ముచ్చట మన తెలంగాణకు ఎట్లా వచ్చిందో చెప్పి ముగిస్తాను. విశాఖలో 2009లో నీటిలోకి దించిన 'అరిహంత్', 2024లో దళంలో చేరిన 'అరిఘాత్' అణుశక్తితో నడిచేవి. వాటికి గాలి కోసం పైకి రావలసిన పని లేదు, నెలల తరబడి కిందనే ఉండగలవు. మరి కింద ఉన్నవాళ్ళకు కబురు చెప్పేదెట్లా? మన రేడియో తరంగాలు ఉప్పునీటిలో కొద్ది దూరం కూడా పోవు. సెకనుకు మూడు వేల నుంచి ముప్ఫై వేల కంపనాల మధ్య ఉండే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలే కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. అట్లాంటి తరంగం పొడవు పది కిలోమీటర్ల నుంచి నూరు కిలోమీటర్లు! దాన్ని పంపడానికి ఎత్తయిన స్తంభాలు, వేల ఎకరాల నేల కావాలి. తమిళనాడులో 1990 నుంచి అట్లాంటి కేంద్రం ఒకటుంది. రెండోదానికి వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి, మన ముఖ్యమంత్రి కలిసి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అడవి. మూసీ పుట్టే అనంతగిరి కొండల పక్కనే. చెట్లు పోతాయి, వాగులు ఎండుతాయి, పశువులకు మేత పోతుంది, రామలింగేశ్వరుని గుడికి దారి ఏమవుతుందని చుట్టుపక్కల జనం, పర్యావరణ మిత్రులు ఆందోళన చేశారు.

జలాంతర్గామిలో ఉన్న పిల్లలకు కబురు అందాలని నేనూ కోరుతాను. అయితే ఎన్ని చెట్లు కొడతారో, ఏ వాగు ఎటు పోతుందో, ఆ లెక్క తెలుగులో అచ్చువేసి ఆ పల్లెల పంచాయితీ గోడల మీద అంటించడానికి దేశరక్షణ అడ్డం వస్తుందని నేను నమ్మను. రైతుకు తెల్వని సైన్సు కాదు అది. పరీక్షలయినాక మేము నలుగురం పూడూరు పోయి ఆ అడవినీ వాగులనూ చూసి రావాలని అనుకుంటున్నాం. వచ్చే మిత్రులు కెమిస్ట్రీ ల్యాబు దగ్గర పేర్లు చెప్పగలరు. బస్సు ఖర్చు ఎవరిది వాళ్ళదే.