విమానమునకు దగ్గఱైన అండమాను

అండమాను పేరు వినగనే మన పెద్దలకు స్ఫురించునది కాలాపానీ. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు. నేటి మన నాచారపు పిల్లలకో, అది సెలవులకు పోదగిన చోటు. ఈ మార్పునకు ముఖ్యకారణము విమానము.

విశాఖపట్టణమునుండి ఓడమీద పోవువారికి ఆ ప్రయాణము సుమారు మూడు దినములది. చేపల వేటకును కూలికిని శ్రీకాకుళపు తీరమునుండి పోయిన తెలుగువారెందఱో అచ్చట స్థిరపడిరి. 2011 జనగణనములో ద్వీపవాసులందు నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శంషాబాదునుండి విమానమైనచో రెండున్నర గంటలు మాత్రమే. సాయంకాలపు రద్దీలో ఉప్పలునుండి శంషాబాదు చేరుటయే యొక యాత్ర గదా!

పూర్వము ఆ దీవులకు కలప గొప్ప ఆధారము. 2002లో సుప్రీము కోర్టు చెట్ల నఱకుడును అరికట్టెను. అటుపిమ్మట యాత్రికులవలన హోటళ్లకును, పడవలకును, బండ్లకును పని పెరిగి అనేక కుటుంబములు బ్రదుకుచున్నవి. ఈ మేలును మేము తక్కువ చేసి చెప్పము. కాని 2023లో పోర్టుబ్లెయిరున తెఱచిన క్రొత్త విమానాశ్రయ భవనము ఏటికి ఏబది లక్షల ప్రయాణికులకై కట్టబడినది. 2011లో ఆ దీవుల జనసంఖ్య నాలుగు లక్షలైనను లేదు. ఆ పట్టణమునకు (2024లో దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చిరి) ధనికారి జలాశయమే ముఖ్యాధారము. వానలు మెండుగా కురియు చోటనే వేసవిలో నీటికి కటకట! విమానము మనుష్యులను తేగలదు గాని మంచినీటిని తేజాలదు.

ఇంతకంటె తీవ్రమైన సంగతి వేఱొకటి కలదు. మన ఉప్పలు రోడ్డుమీది సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఓంగీల యొక్కయు, గ్రేట్ అండమానీయుల యొక్కయు వంశక్రమమును పరిశోధించి, వారు ఏబదివేల యేండ్లకు పైగా ఇతరులతో కలియక వేఱుగా నుండిరని 2005లో ప్రకటించిరి. అట్టివారి దేహములకు మన రోగములు పరిచితములు కావు. 1858లో ఆంగ్లేయుల వలస యేర్పడిన పిదప తట్టు మొదలగు వ్యాధులచే వేలకొలది గ్రేట్ అండమానీయులు నశించి, నేడు పదుల సంఖ్యలో మిగిలిరి. ఓంగీల భాషకు చుట్టమైన భాష నాడు జారవాల యడవిగుండ పెద్ద రోడ్డు పోవుచున్నది. యాత్రికులు వారిని జంతుశాలలోని వింతలవలె చూచుటకు పోయిరనుట మనకు సిగ్గుచేటు. ఆ యడవిలోని రోడ్డును మూయుమని సుప్రీము కోర్టు 2002లోనే ఆజ్ఞాపించినను, అటుపై ఏండ్లతరబడి పోలీసులు ముందు నడువగా బండ్లు వరుసలు కట్టి ఆ దారినే పోవుచుండెను.